మేడ మీద మిగిలిపోయిన పెద్ద డిష్

బస్సులో వెళ్తూ ఏ ఊళ్లోనైనా కాస్త తలెత్తి చూడండి. నల్లటి నీళ్ల ట్యాంకులు, సెల్ టవర్లు, ఆరేసిన దుప్పట్లు, చేటంత చిన్న డిష్‌లు... వాటి మధ్య ఎక్కడో ఒకచోట, ఏ పాత మూడంతస్తుల మేడ మీదో, ఆకాశంకేసి నోరు తెరుచుకుని ఓ పెద్ద డిష్ కనిపిస్తుంది. పదో పన్నెండో అడుగుల వెడల్పు. అంచులకు తుప్పు. వెనక కందిరీగల గూడు. దాని నుంచి బయల్దేరిన నల్ల వైరు పిట్టగోడ దిగాక ఎక్కడికీ వెళ్లదు.

ఒకప్పుడు ఆ వీధి సాయంత్రాలన్నీ దాని చేతిలోనే ఉండేవి. ప్రపంచకప్పు మ్యాచ్ మధ్యలో బొమ్మ పోతే జనం టీవీని కాదు, ఆ మేడని చూసేవాళ్లు. పైన ఒకడు డిష్‌ని అంగుళం జరుపుతుంటే, కింద కంట్రోల్ రూమ్‌లోంచి ఇంకొకడు ‘గీతలొస్తున్నాయ్... కొంచెం కొంచెం... ఆగాగు’ అని కేకలేసేవాడు. మేడ ఇచ్చినందుకు ఇంటివారికి కనెక్షన్ ఉచితం. అదో హోదా!

ఇప్పుడు? పెట్టినాయన వేరే వ్యాపారంలో ఉన్నాడు. ఇంటాయన పై అంతస్తు వేద్దామనుకుంటున్నాడు. పాత ఇనప సామాన్ల కొట్టాయన కాటా తెస్తానంటున్నాడు. మేడ మీద డిష్ మాత్రం కదలడం లేదు. దాన్ని ఏం చేయాలన్నది చిన్న ప్రశ్నేం కాదు. తుఫాను వచ్చే ఊళ్లో అయితే అసలే కాదు. కానీ తుక్కు కింద తూకం వేయించేముందు అదేమిటో ఒకసారి తెలుసుకోవడం మంచిది.

పోగొట్టుకున్న ఉపగ్రహం

మన ఊళ్లకు పరాయి చానళ్లను మోసుకొచ్చిన తొలి ఉపగ్రహం ఏషియాశాట్-1. 1991లో స్టార్ టీవీ హాంకాంగ్ నుంచి ప్రసారాలు మొదలెట్టింది దాని మీదే. 1992 అక్టోబరు 2న జీ టీవీ వచ్చింది కూడా దాని మీదే. ఈ ఉపగ్రహానికి ఓ విచిత్రమైన గతం ఉంది. అది అసలు కొత్తది కాదు... బాగుచేసిన సెకండ్‌హ్యాండ్ సరుకు!

మొదట దాని పేరు వెస్టార్-6. 1984 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ చాలెంజర్ దాన్ని పైకి తీసుకెళ్లి వదిలింది. అక్కడినుంచి దాన్ని పై కక్ష్యకు నెట్టాల్సిన మోటారు సరిగ్గా మండలేదు. కోట్ల ఖరీదు చేసే ఉపగ్రహం ఎందుకూ పనికిరాని చోట తిరుగుతూ ఉండిపోయింది. అదే యాత్రలో వదిలిన ఇండోనేషియా ఉపగ్రహం పాలపా-బి2కీ అదే గతి పట్టింది. అదే ఏడాది నవంబరులో డిస్కవరీ షటిల్‌లో వెళ్లిన జో అలెన్, డేల్ గార్డ్‌నర్ అనే వ్యోమగాములు వీపున జెట్ యంత్రాలు కట్టుకుని శూన్యంలోకి దిగి, రెండింటినీ పట్టి షటిల్‌లోకి ఎక్కించారు. పని అయ్యాక గార్డ్‌నర్ ‘అమ్మబడును’ అన్న అర్థంలో ఓ అట్టముక్క పట్టుకుని ఫొటో దిగాడు. సరదాకే దిగినా, అన్నంత పనీ అయింది. వెస్టార్‌ని కొని, బాగుచేసి, పేరు మార్చి, 1990 ఏప్రిల్ 7న చైనా వాళ్ల లాంగ్‌మార్చ్ రాకెట్ మీద మళ్లీ పైకి పంపారు.

ఏషియాశాట్ ఉన్నది 105.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర. విజయవాడ నుంచి చూస్తే అది ఆగ్నేయం. వాస్తు ప్రకారం ఆగ్నేయం వంటింటి మూల కదా, ఆ మూలనుంచే హిందీ సీరియళ్లూ ఇంగ్లిషు పాటలూ వచ్చిపడ్డాయి! 1995లో జెమిని వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది. ఒక్కో ఉపగ్రహానికి ఒక్కో డిష్ కావాలి. దాంతో ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. బాగా నడిచే ఆపరేటరు మేడ దూరానికి పుట్టగొడుగుల మడిలా కనిపించేది.

తర్వాత కథ తెలిసిందే. 2003లో ఇంటింటికీ చిన్న డిష్ వచ్చింది. ఆపైన కేబుల్ ప్రసారాలను డిజిటల్ చేయాలన్న చట్టం. దాని ప్రకారం హైదరాబాద్, విశాఖలకు 2013 మార్చి 31 గడువు. పల్లెలకు అది 2017 మార్చి దాకా సాగింది. పెద్ద సంస్థలు ఒకచోట సిగ్నల్ పట్టి ఫైబర్ వైరు మీద అందరికీ పంచడం మొదలెట్టాక, వీధి ఆపరేటరుకు ఆకాశంతో పనిలేకుండా పోయింది.

కోళ్ల జాలీతో మొదలు

నిజానికి తెలుగు పల్లెలకు డిష్ కేబుల్ కంటే పదిహేనేళ్ల ముందే వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఇస్రో, నాసా కలిసి ‘సైట్’ అనే ప్రయోగం చేశాయి. నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 నుంచి ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు నేరుగా టీవీ కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కార్యక్రమాలు తెలుగులోనే. పంచాయతీ ఆఫీసు మీదో బడి మీదో పది అడుగుల డిష్. దాన్ని దేంతో చేశారనుకున్నారు? కోళ్లగూళ్లకు కొట్టే ఇనప జాలీతో!

అది పిసినారితనం కాదు, తెలివి. రేడియో తరంగానికి జాలీలో రంధ్రం కనిపించాలంటే ఆ రంధ్రం తరంగం పొడవుతో పోల్చదగినంత పెద్దదిగా ఉండాలి. పొడవులో పదో వంతుకన్నా చిన్నదైతే తరంగానికి అది రంధ్రమే కాదు, గోడ. సైట్ ప్రసారాల తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. కోళ్ల జాలీ దానికి నున్నటి అద్దంలాంటిది. కేబుల్ వాళ్లు వాడిన సీ-బ్యాండ్ తరంగం ఏడున్నర సెంటీమీటర్లే. అందుకే వాళ్ల డిష్‌ల జాలీ ఇంకా సన్నం. ఇంటి మీది చిన్న డిష్‌కు వచ్చేది రెండున్నర సెంటీమీటర్ల తరంగం. అక్కడ నున్నటి రేకే నయం.

ఇక ఆ వంపు. పళ్లెంలా కనిపించినా అది ఉట్టి పళ్లెం కాదు, పారాబొలా. ఎదురుగా వచ్చిన తరంగాలన్నీ దాని మీద ఎక్కడ పడినా చివరికి ఒక్క బిందువుకే చేరతాయి. ఆ బిందువు దగ్గర మూడు కాళ్ల మీద నిలబెట్టిన చిన్న డబ్బాయే సిగ్నల్‌ను పట్టేది. ఆపరేటర్లు ఎల్‌ఎన్‌బీ అనేవారు. ఆ బిందువు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఇంజినీరు అక్కర్లేదు. అంచు నుంచి అంచుకు తాడు కట్టి, తాడు నుంచి అడుగుకు లోతు కొలవండి. వెడల్పును వెడల్పుతో హెచ్చించి, లోతుకు పదహారు రెట్లతో భాగించండి. పన్నెండు అడుగుల డిష్ రెండు అడుగుల లోతుంటే 144ను 32తో భాగించాలి... నాలుగున్నర అడుగులు. అడుగు నుంచి అంత ఎత్తులో ఉంటుంది కేంద్రం. పదో తరగతి పిల్లలకు లెక్కల పరీక్ష కాకుండా పారాబొలా ఎదురయ్యే చోట్లు బహు తక్కువ. ఇది వాళ్లచేత చేయించండి.

గాలి లెక్క

డిష్ పాతబడితే వచ్చే అసలు భయం గాలి. పన్నెండు అడుగుల డిష్ విస్తీర్ణం పదిన్నర చదరపు మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల గాలి ఎదురుగా కొడితే రేకు డిష్ మీద పడే తోపు ఆరొందల కిలోల పైమాటే. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు అవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. ఆ లెక్కన అదే డిష్ మీద తోపు రెండు టన్నులు! జాలీ డిష్ అయితే కొంత గాలిని వదిలేస్తుంది కాబట్టి తోపు తగ్గుతుంది. కానీ అన్నీ జాలీవి కావు. పాతికేళ్లుగా వానలో నానిన నాలుగు బోల్టులు దాన్ని ఆపాలి. ఆపకపోతే అది పక్కింటి రేకుల షెడ్డు మీదికో, రోడ్డు మీదికో వెళ్తుంది. ఎవరూ పట్టించుకోని డిష్‌ను దించాల్సిందే అనడానికి ఈ ఒక్క కారణం చాలు.

తొందరపడి దించడమూ ప్రమాదమే. తుక్కు కొట్టువాళ్లు మామూలుగా చేసేది... కట్టర్‌తో స్తంభం కోసి, పిట్టగోడ మీంచి కిందికి తోసేయడం. వాళ్లకు కావాల్సింది బరువే కాబట్టి వంగినా ఫర్వాలేదు. కింద ఎవరైనా ఉంటే మాత్రం ఫర్వా ఉంది.

పద్ధతిగా దించాలంటే ముందు కాగితం సంగతి చూసుకోవాలి. డిష్ ఆపరేటరుది, మేడ మీది. ఆయన ఊరొదిలి వెళ్లినా ఫోన్లో కనుక్కుని ‘నాకు అక్కర్లేదు’ అని రెండు ముక్కలు రాయించుకుంటే తర్వాత పేచీ ఉండదు. తర్వాత కరెంటు తీగలు. మేడకు ఆనుకుని తీగలు పోతుంటే లైన్‌మన్‌కి చెప్పి, లైను ఆపించాకే పని మొదలెట్టాలి. పొడవాటి ఇనప పైపు చేతిలో ఉన్నవాడికి తీగ ఎంత దూరంలో ఉందో అంచనా ఉండదు. మూడోది గాలి. వేసవిలో తెల్లవారుజామున, ఆకు కదలనప్పుడు మొదలెట్టి ఎండెక్కేలోపు ముగించాలి. తుఫానుల నెలల దాకా ఆగొద్దు. కందిరీగల సంగతి ముందురోజే చూసుకోండి. నిచ్చెన మీద ఉన్నప్పుడు గుర్తురావడం మంచిది కాదు.

ముందురోజు రాత్రే నట్లన్నింటికీ తుప్పు వదిలించే నూనె పట్టించాలి. సెల్‌ఫోన్లో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోవాలి. అసలు పని మొదలుపెట్టేటప్పుడు మొట్టమొదట తీయాల్సింది మధ్యలోని ఎల్‌ఎన్‌బీ, దాని కాళ్లు. తర్వాత, ఒక్క బోల్టూ వదులు చేయకముందే, డిష్‌ను మూడు వైపుల నుంచి తాళ్లతో కట్టి పట్టుకోవాలి. కొన్ని డిష్‌ల వెనక మోటారు బిగించిన పొడవాటి స్క్రూ చెయ్యి ఉంటుంది. డిష్‌ను తిప్పేది అదే, నిలబెట్టేది కూడా అదే. చాలామంది ‘ఇది చిన్నదే కదా’ అని ముందు దాన్నే ఊడదీస్తారు. అప్పుడు డిష్ మొత్తం ఒక్కసారిగా కిందికి వాలుతుంది, దాని కింద వేళ్లున్నా తలకాయ ఉన్నా చూడదు.

తాళ్లు పట్టుకుని డిష్‌ను మెల్లగా ఆకాశంకేసి, గిన్నెలా వెల్లకిలా తిప్పాలి. అలా ఉంటే పక్కగాలి తగలదు. అప్పుడు రెక్కల్లా ఉన్న ముక్కలను ఒకదాని తర్వాత ఒకటి కాకుండా, ఎదురెదురువి తీసుకుంటూ పోవాలి. ఒకవైపే ఖాళీ చేస్తే రెండోవైపు బరువుకు ఒరిగిపోతుంది. ప్రతి ముక్క మీదా రంగుతో అంకె వేయాలి, బోల్టులు డబ్బాలో పోయాలి. ఈ ఓపిక లేకపోతే కింద మళ్లీ బిగించేటప్పుడు పెళ్లిపందిరిలో తప్పిపోయిన చెప్పుల వ్యవహారమే. దించేటప్పుడు గిలక కట్టి ఒక్కో ముక్కా వదలాలి. ఎంత తేలికైనా విసరొద్దు. ఒక మూల సొట్టపడితే వంపు పోయినట్టే.

వంపు ఉందో పోయిందో చూడటానికి పాత ఆపరేటర్ల చిట్కా ఒకటుంది. బిగించాక అంచుల మీద రెండు తాళ్లు అడ్డంగా, నిలువుగా బిర్రుగా కట్టాలి. మధ్యలో రెండూ ముద్దు పెట్టుకోవాలి. ఎడం వచ్చినా, ఒకదాన్నొకటి నొక్కినా డిష్ మెలితిరిగిందని లెక్క.

ఉన్నచోటే పాలపుంత

ఇప్పుడు దీన్ని ఏం చేసుకోవాలి? కూరగాయలు పండించేవాళ్లయితే జాలీ డిష్‌ను బోర్లించి నాలుగు కర్రల మీద నిలబెట్టొచ్చు. సొరపాదుకు అంతకుమించిన పందిరి లేదు. వంటకు వాడతామనేవాళ్లూ ఉంటారు. రేకు డిష్‌కు మెరిసే కాగితం అంటిస్తే ఎండంతా ఒకచోటికి చేరుతుందన్నది నిజమే. తిరుమలలో 2002లో 106 సౌర డిష్‌లతో ఆవిరి పుట్టించి, దాదాపు 15,000 మందికి వండే ఏర్పాటు చేశారు. అయితే అవి దానికోసమే చేసినవి, ఒక్కోటీ తొమ్మిది చదరపు మీటర్ల పైచిలుకు. మీ పన్నెండు అడుగుల డిష్ అంతకంటే పెద్దది. మిట్టమధ్యాహ్నం దాని మీద పడే ఎండ ఎనిమిది కిలోవాట్లు. అదంతా ఒక్క గిన్నెంత చోటికి వస్తే ఏమవుతుందో ఊహించుకోండి. చీర కొంగుకీ, కంటికీ, పక్కింటి కిటికీకీ ప్రమాదమే. పిల్లలున్న మేడ మీద ఈ సరదా వద్దు.

నాకైతే అన్నిటికంటే నచ్చిన ఉపయోగం ఇంకొకటి. డిష్‌ను టీవీ చూపించడానికి కాకుండా ఆకాశాన్ని వినడానికి పెట్టడం.

విశ్వంలో అన్నింటికన్నా ఎక్కువగా ఉన్నది హైడ్రోజన్. అది 1420 మెగాహెర్ట్జ్ దగ్గర, 21 సెంటీమీటర్ల తరంగంగా, సన్నగా మూలుగుతూ ఉంటుంది. అలా జరుగుతుందని 1944లో వాన్ డి హల్స్ట్ అనే డచ్చి విద్యార్థి లెక్కగట్టాడు. 1951 మార్చిలో హార్వర్డ్‌లో ఇవెన్, పర్సెల్ దాన్ని పట్టుకున్నారు. వాళ్లు వాడింది కిటికీలోంచి బయటికి పెట్టిన గరాటులాంటి పెట్టె. అందులోకి వాననీళ్లు చేరేవి, విద్యార్థులు మంచుముద్దలు విసిరేవారు. వాళ్ల గరాటుకంటే మీ మేడ మీది డిష్ చాలా పెద్దది.

దీనికి కొత్తగా కావాల్సినవి తక్కువే. పాత ఎల్‌ఎన్‌బీ ఈ తరంగానికి పనికిరాదు. దాని స్థానంలో ఆరంగుళాల వెడల్పున్న గుండ్రటి రేకు డబ్బా, అందులో అయిదు సెంటీమీటర్ల రాగి తీగ. వెనక ఈ తరంగానికే తయారైన చిన్న యాంప్లిఫయర్, ఫిల్టర్. ఆపైన కంప్యూటర్‌కు గుచ్చే ఓ చిన్న రేడియో. విచిత్రం ఏమిటంటే అది కూడా కంప్యూటర్లో టీవీ చూసుకోవడానికి పుట్టిన వస్తువే. 21 సెంటీమీటర్ల తరంగానికి డిష్ మీద సెంటీమీటరు సొట్టలు పెద్ద లెక్కలోవి కావు. టీవీకి పనికిరాని డిష్ దీనికి పనికొస్తుందన్నమాట. పైగా 1400 నుంచి 1427 మెగాహెర్ట్జ్ వరకు ప్రపంచంలో ఎవరూ ప్రసారం చేయకూడదన్న ఒప్పందం ఉంది. ఇంత రద్దీ గాలిలో మిగిలిన నిశ్శబ్దపు సందు అది.

ఇంకా మంచి సంగతి. బోల్టులు గట్టిగా ఉండి, ఇంజినీరు ‘సరే’ అంటే, డిష్‌ను దించనే అక్కర్లేదు, తిప్పనూ అక్కర్లేదు. మన కేబుల్ డిష్‌లు చాలా వరకు ఇస్రో ఉపగ్రహాల కోసం దాదాపు దక్షిణం వైపు, బాగా పైకి చూస్తూ ఉంటాయి. కృష్ణా, గుంటూరు ప్రాంతంలో ఆ ఎత్తు సుమారు 70 డిగ్రీలు. ఉపగ్రహం కదలదు కానీ దాని వెనక ఆకాశం కదులుతూనే ఉంటుంది. భూమి తిరుగుతుంది కాబట్టి రోజుకు రెండుసార్లు పాలపుంత ఆ డిష్ ముందునుంచి వెళ్తుంది. ఇన్నేళ్లూ ఎవరూ చూడనప్పుడు కూడా వెళ్లింది. డబ్బా మార్చి, రాత్రంతా కంప్యూటర్ వదిలేస్తే, పాలపుంత వచ్చిన గంటలో తెరమీద గీత ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కాస్త అటూ ఇటూ జరిగి ఉంటే, హైడ్రోజన్ మబ్బు మన వైపు వస్తోందో, దూరంగా పోతోందో చెప్పొచ్చు. సెకనుకు కిలోమీటరు వేగానికి 4.7 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. ఇంటర్ పిల్లలు డాప్లర్ ఫలితాన్ని అంబులెన్సు సైరన్‌తోనే ఎందుకు నేర్చుకోవాలి?

ఆస్ట్రేలియా పారేసినవి

పాత డిష్‌లతో సైన్సేమిటని నవ్వేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మన దేశంలో రేడియో ఖగోళశాస్త్రం మొదలైందే పారేసిన డిష్‌లతో. 1950ల్లో గోవింద్ స్వరూప్ అనే యువకుడు సిడ్నీ దగ్గర పాట్స్‌హిల్‌లో పనిచేశాడు. సూర్యుణ్ని చూడటానికి అక్కడ పెట్టిన 32 ఆరడుగుల డిష్‌లను ఆస్ట్రేలియావాళ్లు తీసేస్తున్నారని తెలిసి, మాకివ్వండని అడిగాడు. వాళ్లు ఇచ్చారు. డిష్‌లు ఢిల్లీ చేరి కొన్నేళ్లు పనిలేకుండా పడున్నాయి. చివరికి ఆయన టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చేరాక, 1965లో ముంబై దగ్గర కల్యాణ్‌లో వాటిని వరసగా నిలబెట్టి మళ్లీ సూర్యుడివైపు తిప్పాడు. ఆ బృందమే తర్వాత ఊటీ టెలిస్కోపు కట్టింది. ఆ తర్వాత పుణె దగ్గర నారాయణ్‌గావ్‌లో 45 మీటర్ల డిష్‌లు 30 నిలబెట్టింది. వాటికీ రేకు వాడలేదు. సన్నటి స్టీలు తీగ జాలీయే! గాలి దూరిపోతుంది, బరువు తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. సైట్ పల్లెల్లో కోళ్ల జాలీ చేసిన పనే, పెద్ద ఎత్తున. స్వరూప్ 2020 సెప్టెంబరులో కన్నుమూశారు.

ఆఫ్రికాలో ఘనా దేశం కూడా ఇదే చేసింది. ఫోన్ల కోసం వాడి మూలపడేసిన 32 మీటర్ల డిష్‌ను బాగుచేసి, 2017లో రేడియో టెలిస్కోపుగా మార్చింది.

మన దగ్గర జూనియర్ కాలేజీలకు, ఇంజినీరింగ్ కాలేజీలకు విశాలమైన మేడలున్నాయి. పక్క వీధిలో డిష్ ఉంది. మధ్యలో అడ్డం తుక్కు కొట్టు కాటా ఒక్కటే. దించే ఖర్చు, మోసే ఖర్చు కాలేజీ పెట్టుకుంటానంటే చాలామంది ఇళ్లవాళ్లు డిష్‌ను ఊరికే ఇస్తారు, అడిగేవాళ్లు లేక అలా ఉంది. అల్యూమినియం ధర ఎప్పుడూ పలుకుతుంది కాబట్టి తొందర లేదు, రేపైనా అమ్ముకోవచ్చు. ఒకసారి వంగగొట్టాక మాత్రం మళ్లీ డిష్ కాదు.

చివరగా ఇంటివారికి ఒక మాట. డిష్ వెళ్లాక శ్లాబులో నాలుగు బోల్టులు మిగులుతాయి. వాటిని సుత్తితో కొట్టి ఊడబెరకొద్దు, శ్లాబు పగులుతుంది. మట్టానికి కోయించి, చుట్టూ తుప్పు గీకి, నీరు దిగకుండా సిమెంటు గారె పట్టించండి. తొలకరి లోపే.